దండం ఆగినంక పెట్టు

మా ఇంట్లో కాళ్ళకి పెంపకం చాలా కట్టుదిట్టంగా జరిగింది. పుస్తకానికి కాలు తగిలినా, చీపురుకి తగిలినా, పక్కన పడుకున్న చెల్లికి తగిలినా చటుక్కున వెనక్కి తీసి, తగిలిన చోట వేళ్ళు ఆనించి కళ్ళకద్దుకోవాల్సిందే. మరచిపోతే అమ్మమ్మ నెత్తిన మొట్టేది. పెళ్ళై, పిల్లని కని, అమెరికా వచ్చినా నా కాలు ఆ చదువు మరవలేదు. షాపులో ఎవరి సంచికైనా కాలు తగిలితే నా బుర్ర కంటే ముందు చెయ్యి కదులుతుంది. ఈ చదువు న్యూజెర్సీ మంచులో నా ప్రాణం మీదికి తెస్తుందని ఎవరనుకున్నారు?

పిస్కాటవేలో మా అపార్ట్‌మెంట్ల నుంచి మెయిన్ రోడ్డుకి ఒక వాలు ఉంది. ఎండాకాలంలో అది వాలని కూడా తెలియదు. ఆ చలికాలం మా ఆయనకి ఎక్కడో ఎడారి వైపున్న చాండ్లర్‌లో ప్రాజెక్ట్ పడింది. ఏడేళ్ళ పాపతో నేను ఇక్కడే ఉండిపోయాను. కారణం నా ఉద్యోగం. వర్క్ పర్మిట్ కోసం ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని, కూరలు తరిగి తరిగి, చివరికి ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో సంపాదించుకున్న ఉద్యోగం. అక్కడికి బస్సు లేదు. కారు నడపకపోతే ఆ ఉద్యోగమూ లేదు.

ఒక పొద్దున పాపని స్కూల్లో దింపడానికి బయల్దేరాను. రాత్రి కురిసిన మంచు పైన సన్నగా గడ్డకట్టి అద్దంలా ఉంది. వాలు చివర స్టాప్ సైన్ దగ్గర బ్రేక్ తొక్కాను. అంతే, పెడల్ నా పాదం కింద గడగడా కొట్టుకోవడం మొదలుపెట్టింది. అడుగునుంచి మిక్సీలో పప్పు తిప్పుతున్నట్టు గర్రుమని చప్పుడు. పెడల్ నా కాలిని పైకి తోస్తోంది. ప్రాణమున్నదేదో కాలి కింద పడిందనిపించి, కాలు తీసేశాను. కారు దర్జాగా స్టాప్ సైన్ దాటి, రోడ్డుకి అడ్డంగా జారి, అవతలి మంచు గుట్టలో ముక్కు పెట్టింది. ఆ సమయానికి రోడ్డు మీద ఇంకో బండి లేకపోవడం మా అదృష్టం.

"అమ్మా, కార్‌కి చలి వేస్తుందా? షివర్ అవుతుంది" అంది పాప వెనక సీట్లోంచి.

మెకానిక్ చూసి బ్రేకులకి ఏ జబ్బూ లేదన్నాడు. జారే రోడ్డు మీద చక్రాలు బిగుసుకుపోతే స్టీరింగ్ తిప్పినా కారు వినదట. అందుకని యాంటీ-లాక్ బ్రేక్ తనంతట తనే చకచకా పట్టి వదులుతూ ఉంటుందట. ఆ కొట్టుకోవడం అదేనట. బుర్రకి అంతా అర్థమైంది. కాలికి చెప్పేదెవరు? మర్నాడు తాళం చేతిలోకి తీసుకుని, మళ్ళీ కొక్కేనికే తగిలించేశాను. ల్యాబ్‌కి సెలవు పెట్టాను. ఆ మర్నాడూ పెట్టాను.

మా ఆయన ఫోన్లో, "నాకు ఇక్కడ నిద్ర పట్టట్లేదే. చాండ్లర్‌లో మంచే పడదు. ఆ జాబ్ వదిలేసి ఇద్దరూ వచ్చేయండి. సోమవారం మేనేజర్‌కి చెప్పేయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. దెబ్బలాడదామని నోరు తెరిచాను. కానీ అతని గొంతులో బెదురు వినిపించింది. వాలు మీద కారు నడిపింది నేను, భయపడింది మాత్రం ఇద్దరమూ. సరేలే అనేశాను. ఆ రాత్రి వంటింట్లో నిలబడి ఏడ్చాను కూడా.

ఆ సంగతి కింది ఫ్లాట్‌లో ఉండే ఆంటీకి తెలిసింది. ఆవిడది వరంగల్. ఇక్కడే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మా పాప ఆవిడ దగ్గర సకినాలు తింటూ పెరుగుతోంది. ఆదివారం పొద్దున్నే వచ్చి తలుపు కొట్టారు.

"చెప్పులు కాదు, బూట్లేస్కో. తాళం పట్టుకురా. బిడ్డను గూడ తీస్కరా."

మూతబడిన షాపింగ్ మాల్ వెనక, మంచు ఎత్తని పార్కింగ్ లాట్‌కి నా కారు తనే నడిపి తీసుకుపోయారు. ఒక్క కారు లేదు, ఒక్క స్తంభం కూడా దగ్గర్లో లేదు. పాపని దూరంగా గట్టు మీద మంచుబొమ్మ చేసుకోమని వదిలి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఆవిడ పక్క సీట్లోకి మారారు.

"కొంచెం స్పీడ్ వోనీ. ఇగ గట్టిగ తొక్కు."

తొక్కాను. పెడల్ గడగడా కొట్టుకుంది. కాలు వచ్చేసింది. మళ్ళీ తొక్కాను, మళ్ళీ వచ్చేసింది. ఆంటీ నా కాలి వంక కాకుండా చేతి వంక చూస్తున్నారు.

"ఓ పిల్లా, ఆ చెయ్యేంది? కాలు తీసినప్పుడల్లా స్టీరింగ్ వదిలి కండ్ల దిక్కు వోతున్నది! బ్రేక్‌కు దండం పెడుతున్నవా?"

అప్పటిదాకా నాకే తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మమ్మ సంగతంతా చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వారు. కళ్ళు తుడుచుకుని, నా భుజం మీద చెయ్యేసి, "పెట్టు, తప్పేం లేదు. కానీ దండం ఆగినంక పెట్టు. ముందుగాల తొక్కు. అది కొట్టుకుంటున్నదంటే నీ కోసం పని చేస్తున్నదన్నట్టు. నువ్వు కాలు తీస్తే అది మాత్రం ఏం చేస్తది?" అన్నారు.

ఆ మాట కాలిదాకా దిగింది. తర్వాతిసారి పళ్ళు బిగబట్టి తొక్కే ఉంచాను. పెడల్ తన్నుతూనే ఉంది, నేను ఉంచుతూనే ఉన్నాను. స్టీరింగ్ తిప్పితే కారు నెమ్మదిగా ఆ వైపుకే వచ్చింది. "ఇదేం మంత్రం గాదు, మంచు మీద తొందరగ ఆగదు. దూరం నుంచే మెల్లగ రావాలె" అని ఆంటీ తిరుగుదారి పొడుగునా నూరిపోశారు.

సోమవారం తెల్లవారేసరికి సన్నటి వాన పడి గడ్డకట్టింది. పాపని ఎక్కించుకుని మెల్లగా వాలు దిగుతున్నాను. సగంలో ఉండగా, ముందు కుక్కతో నడుస్తున్న పెద్దాయన కాలు జారి రోడ్డు మధ్యలో కూలబడ్డాడు. లేవబోయి మళ్ళీ పడ్డాడు. నేను బ్రేక్ తొక్కాను.

పెడల్ కొట్టుకుంది. గర్రుమంది. నా కాలు లేవబోయింది, లేవనివ్వలేదు. కారు ఆగడం లేదు, పెద్దాయన దగ్గరికి వచ్చేస్తున్నాడు. స్టీరింగ్ కుడివైపుకి తిప్పాను. కారు విన్నది. ఆయన్ని దాటి, పక్కనున్న మంచు గుట్టలోకి మెత్తగా దిగి ఆగింది.

నేను దిగి ఆయన్ని లేపి, కుక్కతో సహా రోడ్డు పక్కకి చేర్చాను. ఆయన నా చేతులు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కారులోకి వచ్చి కూర్చున్నాను. అంతలో ఫోన్ మోగింది, మా ఆయన.

"ఇవాళ మేనేజర్‌కి చెప్తున్నావు కదా?"

"చెప్పను. నేను ల్యాబ్‌కే వెళ్తున్నాను. డ్రైవ్ చేసుకుని."

అంటూనే నా సీటు గర్రున వెనక్కి జరిపాను. "ఏం చేస్తున్నావిప్పుడు? ఏంటా చప్పుడు?" అని అడిగాడు.

"ఒక్క నిమిషం ఉండు" అన్నాను. స్టీరింగ్ కిందికి వంగి, బూటు మట్టి అంటిన బ్రేక్ పెడల్‌ని వేళ్ళతో తాకి, కళ్ళకద్దుకున్నాను.