గంజి పెట్టిన జపాన్ రాక్షసి

తెలంగాణ వచ్చిన కొత్తల్ల ఆఫీసులన్ని పాత బోర్డులు దించి కొత్త బోర్డులు ఎక్కిస్తున్న రోజులవి. అందరు ముందుకు చూస్తుంటే నేనొక్కణ్ణి ఇరవై ముప్పై ఏండ్ల కిందటి వీడియో క్యాసెట్ల కోసం వెనక్కి తిరిగి చూస్తుంటి. ముందే ఒప్పుకుంట, ఈ కథల మొదటి తెలివితక్కువోణ్ణి నేనే. నల్లగొండల చిన్న సర్కారు నౌకరి, పెద్ద గడియారం అవతల ఒక కిరాయి అర్ర, అర్రల ఒక మంచం, ఒక స్టవ్వు, నలభై ఒక్క క్యాసెట్లు. అన్ని జపానోళ్ళు తీసిన భారీ రాక్షసుల సినిమాలే. పట్నాలను కాళ్ళ కింద నలిపేటివి, రైళ్ళను మొక్కజొన్న కంకులోలె కొరికేటివి. ఇన్ని ఉండి, వాటిని చూసెతందుకు నా దగ్గర వీసీఆర్ లేదు. (చదివేటోళ్ళు కావాల్నంటే ఆ వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు. నేను గూడ అప్పుడప్పుడు చదువుకుంట.) నన్ను కలెక్టరుగ చూడాల్నని మా బాపుకు శానా కోరిక. అయిన. కాకపోతే జిల్లాకు గాదు, క్యాసెట్లకు.

ఈ పిచ్చికి ఒక మూలం ఉన్నది. నాకు ఏడేండ్లప్పుడు మా మేనమామ చిట్యాలల వీడియో హాలు నడిపేటోడు. హాలంటే హాలు గాదు, రేకుల షెడ్డు, కింద చాపలు, ముందట ఒక టీవీ. ఆడ్నే ఒకనాడు జపాన్ సినిమా వేసిండు. పేరు వాళ్ళ అక్షరాల్ల ఉన్నది, చదువ ఎవ్వరికి రాదు. కొండంత తొండ ఒకటి సముద్రంల నుంచి లేచి ఊరి మీదికి వస్తది కాబట్టి అందరం తొండ సినిమా అన్నం. సగం సినిమాల ఆ తొండ కాలు తెర నిండ వచ్చింది. ఆ కాలు నా మీదనే పడుతదని నాకు ఇసుమంత గూడ అనుమానం లేకుండె. చాప మీది నుంచి లేచి ఉరికిన ఉరుకుడు హైవే దాక ఆగలేదు. చెప్పులు ఆడ్నే పోయినయి, నిక్కరు సంగతి ఈడ రాయను. ఆ తర్వాత తొండ ఏమైంది, ఊరు బతికిందా, ఎవరన్న చంపిండ్రా, నాకు తెల్వదు. మా మామను అడిగితే, "ఉరికినోనికి కథ చెప్ప అల్లుడా, కూసున్నోనికే కథ" అని నవ్వేటోడు. పెండ్లిల్ల పేరంటాల్ల నేను కనవడితే చాలు, "అగో, తొండ వస్తాంది!" అని చుట్టాలందరి ముందట అరిచేటోడు. డిగ్రీ అయింది, నౌకరి వచ్చింది, మీసాలు వచ్చినయి, ఆ సినిమా చివర మాత్రం రాలేదు. ఒక్కసారి ఆ చివరి ముక్క చూస్తే నా లోపల ఉరుకుతున్న ఏడేండ్ల పోరడు ఎక్కడన్న ఆగుతడేమోనని ఆశ. నా నలభై ఒక్క క్యాసెట్లల ఆ ఒక్కటే లేదు.

అప్పట్ల ఫోన్ల మా అసొంటోళ్ళకు ఒక గ్రూపు ఉండేది. దాన్ని నడిపేటాయన హైదరాబాదుల ఉండేటోడు, మేమందరం అడ్మిన్ సార్ అనేటోళ్ళం. ఏ క్యాసెట్టు ఫొటో పెట్టినా, "అట్ట అసలుదేనా? అంచు నలిగినట్టుందే? మూల చిరిగిందా?" అని అడిగేటోడు. పిల్లను చూసెతందుకు వచ్చినోళ్ళు గూడ అన్ని అడుగరు. తొండ సినిమా ఆయన దగ్గర ఉన్నది, సీలు గూడ విప్పలేదు. "సీలు విప్పితే దాని పవిత్రత పోతుందండీ" అని ఒకసారి రాసిండు. అంటే ఆయన గూడ చూడలేదన్నట్టు. బువ్వ వండి, గిన్నె మీద మూత పెట్టి, మూతకు దండం పెట్టే మనిషి.

నేను ఐతారం ఐతారం హైదరాబాదు పాత సామాన్ల బజార్ల తిరిగి తిరిగి అలిసిపోయినంక, ఒకనాడు చిట్యాలల మామ హోటల్ల చాయ్ తాగుతున్న. (వీడియో హాలు పోయి హోటలైంది. చాపలు పోయి బల్లలు వచ్చినయి, రేకులు మాత్రం అవ్వే. క్యాసెట్లన్ని అప్పుడే తూకానికి అమ్మిన అని మామ చెప్తుండె.) చాయ్ పెట్టిన బల్ల ఎప్పుడు కుంటేది, ఆనాడు ఎందుకో కుంటుతలేదు. వంగి చూస్తే, కుంటి కాలు కింద నల్లటి డబ్బ. డబ్బ మీద జపాన్ అక్షరాలు, పక్కకు పచ్చటి తొండ తోక బొమ్మ.

"మామా! గిది... గీడ ఎందుకున్నది?"

"బల్ల ఊగుతుండె అల్లుడా. సరింగ గా మందమే ఉన్నది."

నేను మూడేండ్లు హైదరాబాదు బజార్లన్ని తిరిగితే, తొండ మా మామ హోటల్ల బల్ల మోసుకుంట కూసున్నది. దాని జాగల చెక్కముక్క పెట్టి, డబ్బను రెండు చేతులతోని పసిపిల్లోలె పట్టుకొని నల్లగొండ తెచ్చిన. గ్రూపుల ఫొటో పెట్టిన అయిదు నిమిషాలకు అడ్మిన్ సార్ ఫోన్. "ఏమండీ, మీది సీలు లేనిదే కదా? అయితే చూడవచ్చన్నమాట! ఆదివారం నేనే వస్తున్నాను, ఇద్దరం కలిసి చూద్దాం." అంత పెద్దాయన మా ఇంటికి వస్తనంటే నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

నల్లగొండల టీవీలు బాగుచేసే అన్న ఒక పాత వీసీఆర్ ఇచ్చిండు గని, క్యాసెట్టు కిటికీల నుంచి చూసి మొఖం మాడ్చిండు. "తమ్మీ, రీలుకు బూజు వట్టింది. గిట్లనే పెడితే మిషన్ ఖరాబైతది, రీలు గూడ తెగుతది. డబ్బ విప్పి, రీలు మొత్తం మెత్తటి గుడ్డతోని తుడిచి మళ్ళ చుట్టాలె. జర నాజూకు చేతులు కావాలె." నాజూకు చేతులనంగనే నాకు మా అవ్వ యాదికొచ్చింది. రామన్నపేటల మా ఇంట్ల అవ్వ యాభై ఏండ్ల సంది రాట్నం తిప్పుతున్నది. తెగిన పోగు అతికిస్తే అతుకు ఎక్కడుందో దేవునికి గూడ తెల్వది. అంతకన్న తగిన మనిషి ఎవరు దొరుకుతరు? (నా తెలివితక్కువతనంల ఇది రెండోది. మొదటిదాని కంటె జర పెద్దది.)

ఐతారం పొద్దుగాల రామన్నపేటల డబ్బ మరలు విప్పి, రీలు కొస అవ్వ చేతిల పెట్టి, తుడుచుకుంట రాట్నం మీద ఎట్ల చుట్టాల్నో చూపెడుతున్న. అంతల అడ్మిన్ సార్ ఫోన్, చిట్యాల కాడ తొవ్వ తెలుస్తలేదట. నేను బండి తీసుకుంట, "అవ్వా, పైలం. తెల్లగ పట్టిందంత తుడువు. అన్నిటికంటె ముఖ్యం, తెగకుంట సూడు" అని చెప్పి పోయిన. ఆ ఆఖరి మాట చెప్పకుంటే నా బతుకు వేరే తీరుగ ఉండేది.

సార్‌ను తీసుకొని వచ్చెతందుకు రెండు గంటలు పట్టింది. ఆయన మామ హోటల్ల టిఫిన్ చేసిండు, రెండుసార్లు చేతులు కడుక్కున్నడు, కారు నీడకు పెట్టిండు, మళ్ళ ఇంకింత నీడకు పెట్టిండు. ఇగ మా గల్లీ మొదట్లకు వచ్చెవరకు కారు ముందుకు పోతలేదు. గల్లీ పొడుగూత అటు గుంజ, ఇటు గుంజ పాతి, నడుమ పడుగు పోగులు సాగదీసి ఉన్నయి. మాది మగ్గాల గల్లీ, పోగు గట్టిపడెతందుకు పడుగుకు గంజి పెట్టుడు కొత్తేం గాదు. అయితే ఆ పడుగు నల్లగ ఉన్నది. ఎండకు తళతళ మెరుస్తున్నది. ఒక కొసకు మా అవ్వ కొంగు నడుముకు చెక్కి, కుంచె చేతవట్టి, గంజి పూసుకుంట వస్తున్నది. వెనుక పక్కింటి పెద్దమ్మ ఆరిందా లేదా అని ఏలితోని ఒత్తి చూస్తున్నది.

నా గొంతుల నుంచి వచ్చిన సప్పుడు మనిషిది గాదు.

"అవ్వా! ఏం చేసినవే!"

"తుడిసిన బిడ్డా, బూజంత పోయింది. తుడిస్తే ఏమైతది? పోగు పీలగున్నది, ఊకూకె మెలివడుతాంది. గిట్లనే మిషన్ల వెడితే తెగదా? తెగకుంట సూడుమని నువ్వేగద అంటివి. గంజి వెట్టని పోగు యాడన్న నిలుస్తదా?"

మా ఇంట్ల నాలుగు తరాల సంది పోగు తెగకుంట ఉండాల్నంటే ఒక్కటే మందు, అది గంజి. తప్పు గంజిది గాదు, పోగుది గూడ గాదు. పక్కింటి పెద్దమ్మ మాత్రం, "గీ నల్లపోగుతోని ఏం చీర నేపిస్తవు కొడుకా? అంచుకైతే మస్తుంటది" అని మెచ్చుకున్నది. నా కండ్ల ముందట కొండంత తొండ, దాని పట్నం, దాని రైళ్ళు అన్ని బియ్యపు గంజిల మునిగి ఎండకు ఆరుతున్నయి.

అడ్మిన్ సార్ ముందుగాల నోరు తెరిచిండు, తర్వాత నవ్విండు, తర్వాత కారు బానెట్ పట్టుకొని నవ్విండు. "అమ్మా, మీరు సినిమాను ఉతికి ఆరేశారు!" అన్నడు. అవ్వ మెచ్చుకున్నడనుకొని, "గంతేం లేదు సారూ, దా, సల్ల తాగు" అన్నది. ఆయన సల్ల తాగిండు, అవ్వను కుంచె పట్టుకొని నిలవడుమని ఫొటో తీసుకున్నడు, పోయిండు. తొవ్వల ఉండంగనే గ్రూపుల ఆ ఫొటో పడ్డది. కింద, "ప్రపంచంలో గంజి పెట్టిన మొట్టమొదటి క్యాసెట్. శాస్త్రజ్ఞురాలిని గుర్తించగలరా?" ఆ రోజు సంది గ్రూపుల నా పేరు గంజి కలెక్టర్. నన్ను అంటే నేను నవ్వేటోణ్ణే. ఫొటోల మా అవ్వ, ఎవరో పెద్దమనిషి మెచ్చుకున్నడని, పండ్లు లేని నోరుతోని నిండుగ నవ్వుతున్నది. అది చూస్తే నాకు నవ్వు రాలేదు.

సాయంత్రం పడుగు గుంజలు పీకుతుంటే అవ్వ డబ్బల నుంచి ఒక చిన్న చుట్ట తీసి ఇచ్చింది. "గింత మిగిలింది బిడ్డా, గంజి అయిపోయింది. లేకుంటే దీనికి గూడ వెడుదును" అని బాధపడ్డది. నేను ఆ చుట్టను చూసిన, అవ్వను చూసిన. క్యాసెట్టు మొదటికి తిప్పి ఉంటే రీలు మొదలు బయటికి ఉంటది, చివర లోపలికి ఉంటది. అంటే గంజి తప్పించుకున్నది సినిమా చివర!

మెకానిక్ అన్న ఆ ముక్కను వేరే డబ్బల పెట్టిచ్చిండు. మరుసటి వారం అవ్వ, నేను పక్కపక్కన చాప మీద కూసున్నం. పన్నెండు నిమిషాలు. అందుల పదకొండు నిమిషాలు కోట్లు తొడిగిన జపాన్ సార్లు బల్ల చుట్టు కూసొని మాట్లాడుకున్నరు. అచ్చం మా ఆఫీసు మీటింగే, చాయ్ రాలేదు గంతే. ఆఖరి నిమిషంల తొండ కనవడ్డది. అది అటు మళ్ళి, ఎవరు ఏమనకముందే, నడుముదాక నీళ్ళల్లకు నడిచిపోయింది. అయిపోయింది. ఏడేండ్లప్పుడు ఇంకో గంట కూసొని ఉంటే, చెప్పులు దక్కి ఉండేవి.

అవ్వ మాత్రం కండ్లు చిట్లించి ముందుకు వంగింది. "ఔ బిడ్డా, దాని ఈపున కుట్టున్నదేంది? ఎవడు కుట్టిండో గని ఎడ్డోడు. నిలువు కుట్టు ఒంకర వోయింది." నిజమే. నన్ను హైవే దాక ఉరికిచ్చిన రాక్షసి వీపుకు జిప్పు ఉన్నది. ఇద్దరం చాప మీద దొర్లి దొర్లి నవ్వినం. నా లోపటి పోరడు ఉరుకుడు ఆపిండా అంటే, ఏమో, నవ్వెతందుకైతే ఆగిండు.

రెండు నెలలకు అడ్మిన్ సార్ ఫోన్ చేసిండు. గొంతుల మునుపటి దర్జా లేదు. "ఏమండీ, ఆ చివరి భాగం మీ దగ్గర మిగిలిందట కదా? నేనొక వ్యాసం రాస్తున్నాను. మరీ... ముగింపు ఎలా ఉంటుంది?" సీలు విప్పెతందుకు ఆయనకు చేతులు వస్తలేవు, తెల్వదని ఒప్పుకునెతందుకు నోరు వస్తలేదు. ఉన్నదున్నట్టు చెప్పుదామనే నోరు తెరిచిన, దేవుని తోడు. అంతల కుంచె పట్టుకున్న అవ్వ ఫొటో కండ్లల్ల మెదిలింది.

"ఏం చెప్పాలె సార్," అన్న, గొంతు జర బొంగురు చేసి. "ఫౌజు ఓడిపోతది, ఫిరంగులు ఓడిపోతయి. అప్పుడు ఒక పండు ముసలమ్మ ఒక్కతే సముద్రం ఒడ్డుకు నడిచివస్తది. రాక్షసి దిక్కు చూసి ఏలు చూపెట్టి తిడుతది. ఏం తిడుతదో సప్పుడు రాదు సార్. రాక్షసి తల దించుకుంటది. చేసిన తప్పు తెలిసినట్టు ఆమెకు వంగి దండం పెట్టి, మెల్లగ నీళ్ళల్లకు పోతది."

"అద్భుతం," అన్నడు సార్.

వారానికి వ్యాసం వచ్చింది, ఫోన్ల పన్నెండుసార్లు జరిపితే గని అయిపోలేదు. ఆ ముసలమ్మ జపాన్ సంస్కృతిలో వృద్ధుల పట్ల ఉన్న గౌరవానికి ప్రతీక అని రాసిండు. ఆమె మాటలు వినబడకుండా చేయడంలోనే దర్శకుడి ప్రతిభ ఉందన్నడు. ఆ సన్నివేశం మొదటిసారి చూసినప్పుడు తన కళ్ళు చెమర్చాయని గూడ అన్నడు. ఇన్నేండ్లకు ఆ వ్యాసం ఇంక అక్కడక్కడ తిరుగుతనే ఉన్నది. మొన్న ఎవరో మళ్ళ పంపితే చదివి, నాకే ఒక్క క్షణం ఆ ముసలమ్మ కనవడ్డట్టయింది. ఆనాడు మాత్రం గ్రూపుల ఒకరి తర్వాత ఒకరు సార్‌కు చేతులు జోడించిన బొమ్మలు పెట్టిండ్రు.

నేను గూడ ఒకటి పెట్టిన.