మామ బాగుచేసిన రెండు సీట్ల కారు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుదురులేని మనుషులు ఇద్దరు. ఒకదాన్ని నేను, రెండో మనిషి మా మామ. నాకప్పుడు పదకొండేళ్ళు. అన్నం ముందు కూర్చున్నా నా కాళ్ళు ఆడుతూనే ఉండేవి. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. పెళ్ళి చేసుకోలేదు, ప్రొద్దుటూరులో మాతోపాటే ఉండేవాడు. లారీ నడిపేవాడు. పులివెందుల తోటల నుంచి చీనీకాయలు, ఎర్రగుంట్ల నుంచి నాపరాళ్ళు వేసుకుని తిరిగే మనిషి. ఇంట్లో రెండు రోజులుంటే మూడో రోజు గడప దగ్గర చెప్పులు వేసుకుని నిలబడేవాడు.

ఒక ఎండాకాలం పులివెందుల దారిలో లారీ బోల్తా పడి మామకు ఎడమ కాలు మోకాటి కింది నుంచి తీసేశారు. బ్రేకులు పట్టలేదంట, అంతా కర్మ అని ఇంట్లో అందరూ అనుకున్నారు. మామ ఏమీ అనలేదు. చంకకర్ర గోడకు ఆనించి రోజంతా వాకిట్లో అరుగు మీద కూర్చునేవాడు. రోడ్డున లారీ పోతే దాని శబ్దం పూర్తిగా వినపడకుండా పోయేదాకా తల అటే తిప్పి ఉంచేవాడు. ఉన్న ఒక్క కాలి మడమతో నేలను తడుతూనే ఉండేవాడు. ఆ చప్పుడు వింటే నాకూ లోపల ఏదో గీరినట్టుండేది. ఇద్దరం ఒకే గూట్లో పెట్టిన పిట్టల మాదిరి ఉండేవాళ్ళం.

కాలికి కట్టు మార్పించుకోవడానికి వారానికోసారి జమ్మలమడుగు ఆసుపత్రికి బస్సులో పోయేవాడు. ఒకసారి అక్కడ ఊరి చివర ఒక పశువుల కొట్టంలో పాత కారు చూసినాడు. ఇంగ్లీషోళ్ళ కాలం నాటి స్పోర్ట్స్ కారు. సీట్లు రెండే, పైన కప్పు లేదు, ముందు భాగం పొడుగ్గా సాగి ఉంటుంది. ఎవరో దొర అమ్మిపోయిన కారట. దాన్ని కొన్నాయన చచ్చిపోయినాక కొడుకులు అందులో కోళ్ళను పెంచుతున్నారు. మామ తను ఇక నడపలేని మోటార్ సైకిల్ వాళ్ళకిచ్చి ఆ కారు తెచ్చుకున్నాడు. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చి మా పెరట్లో వదిలితే అందులో నుంచి రెండు కోడిగుడ్లు దొరికినాయి. మా అవ్వ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఒక బండి కాలు తీసుకునింది సాల్లేదా నాయినా, ఇంకొకటి తెచ్చుకున్నావా" అని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

పక్కింటి చాచా లేతు పని చేసేవాడు. ఇంట్లోనే ముందు గది షాపు. ఇనుము ఏదైనా ఆయన చేతికిస్తే కావలసిన ఆకారానికి వచ్చేది. ఆయన కారును చూసి శానాసేపు గడ్డం నిమురుకున్నాడు. "ఇంజను బతికే ఉంది అప్పా. కానీ నువ్వు క్లచ్చి ఏ కాలితో తొక్కుతావు?" అన్నాడు. అదే అసలు ప్రశ్న. క్లచ్చి ఎడమ కాలితో తొక్కాలి. మామకు ఆ కాలే లేదు.

"చేత్తో తొక్కుతా" అన్నాడు మామ.

ఆ రోజు నుంచి ఎనిమిది నెలలు మా పెరడు షెడ్డయిపోయింది. నాపరాళ్ళ గోడకు ఆనించి రేకులు కప్పినాం. కారును ముక్క ముక్కగా విప్పినాం. విప్పిన ప్రతి వస్తువును అవ్వ పాత చీర మీద విప్పిన వరసలోనే పరిచేవాళ్ళం. కిరసనాయిలులో కడిగి, తుప్పు గీకి, మళ్ళీ అదే చోట పెట్టాలి. మామ కింద దూరలేడు, చాచాకు నడుము నొప్పి. అందుకని కారు కింద దూరే పని నాది. వీపు కింద గోనెసంచి వేసుకుని వెల్లకిలా పడుకుంటే, పైన ఉన్న లోకం అంతా నాకొక్కదానికే తెలిసినట్టుండేది. బడి నుంచి వచ్చి సంచి విసిరేసి దూరేదాన్ని. మా అమ్మ నా జడలో గ్రీజు చూసి తిట్టేది.

ఆ పనిలో నాకు ఒక్కటే నచ్చేది కాదు, దాని నెమ్మది. ఒక బోల్టు రావడానికి మూడు రోజులు నూనె పోసి ఎదురుచూసేవాళ్ళం. సీటు చట్టాన్ని చెదలు తినేసింటే కొత్తది చేయించడానికి నెల పట్టింది. చాచా క్లచ్చికి చేసిన ఇనుప కర్ర మొదటిసారి వంగిపోయింది, రెండోసారి విరిగిపోయింది. మూడోసారి దాన్ని గేరు కర్ర పక్కనే నిలబెట్టి, రెండూ ఒక్క ఎడమ చేతికే అందేటట్టు కుదిర్చినాడు. మామ ఖాళీ చట్టం మీద కూర్చుని ఆ కర్ర లాగడం, గేరు మార్చడం, వదలడం వందలసార్లు చేసినాడు. ఇంజను మొదటిసారి అంటుకున్న రోజు పెరడంతా పొగ కమ్మి అవ్వ ఆరేసిన వడియాలు నల్లబడినాయి. ఆ రోజు మామ నవ్వగా చూసినాను. కాలు పోయినాక అదే మొదటిసారి.

ముదురు ఆకుపచ్చ రంగు వేసినాం. ఆదివారం పొద్దున జమ్మలమడుగు దాకా పోయి రావాలని అనుకున్నాం. మొదటి ప్రయాణంలో పక్క సీటు నాదని మామ మాటిచ్చినాడు. ఒక్క షరతు పెట్టినాడు. "అన్నీ బిగిసింటేనే పోతాం. ఒక్కటి లేకున్నా ఇంకో ఆదివారమే."

శనివారం మధ్యాహ్నం నాకు చివరి పని ఒప్పజెప్పినాడు. బ్రేకు పెడలు నుంచి వెనక్కి ఒక కడ్డీ పోతుంది. పెడలునూ కడ్డీనీ కలుపుతూ ఒక మేకులాంటిది ఉంటుంది. అది జారి పడిపోకుండా దాని కొసన చిన్న రంధ్రంలో స్ప్లిట్ పిన్ను దూర్చి, దాని రెండు కాళ్ళనూ చెరో పక్కకు వంచాలి. అంతే పని. నేను తొందరలో ఒక కాలు తప్పుగా వంచినాను. సరిచేద్దామని వెనక్కి వంచితే అది విరిగి నా చెంప మీద పడింది.

ఇంకో పిన్ను లేదు. చాచా పెళ్ళికని పులివెందుల పోయినాడు, ఏ రాత్రికి వస్తాడో తెలియదు. మామకు చెబితే ఆదివారం పోతుంది. ఇంకో వారం ఎదురుచూడడం నా వల్ల కాదనిపించింది. కారు కింద పడుకునే నా జడలో నుంచి ఒక తలపిన్ను పీకి ఆ రంధ్రంలో దూర్చి వంచేసినాను. చూడ్డానికి బాగానే ఉంది.

"అయిందా పాపా?" అని పైనుంచి మామ అడిగినాడు.

"అయింది" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణం నుంచి నాకు నిలకడ పోయింది. అంతకుముందు ఉన్న కుదురులేనితనం వేరు, ఇది వేరు. పెరట్లోకి పోతాను, వస్తాను. మామ దగ్గరికి పోయి నిలబడతాను, ఏమీ చెప్పకుండా తిరిగొస్తాను. తలపిన్ను ఎంత మెత్తనిదో నాకు తెలుసు. పళ్ళతో కొరికితే విచ్చుకుంటుంది. అది జారితే మేకు జారుతుంది, మేకు జారితే పెడలు తొక్కినా బ్రేకు పడదు. ఇదంతా నాకు నేర్పింది మామే. అన్నం సగం వదిలేసినాను. ఒళ్ళు వెచ్చబడిందేమోనని అమ్మ నుదురు పట్టి చూసింది.

పొద్దున లేచేసరికి వీధి వీధంతా మా ఇంటి ముందే ఉంది. మామ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కారును చూడనని ఒట్టు పెట్టుకున్న అవ్వే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. చాచా చేతులు వెనక్కి కట్టుకుని, సొంత బిడ్డను బడికి పంపేవాడి మాదిరి నిలబడినాడు. అందరి ముందు నేను ఏం చెప్పను? చెబుదామని నోరు తెరిచినాను. మామ తలుపు తీసి, "ఎక్కు పాపా" అన్నాడు. ఎక్కినాను.

ఊళ్ళో నెమ్మదిగా పోయినాం. మామ చెయ్యి గేరు దగ్గర లాగి వదులుతూ ఉంటే కారు చెప్పిన మాట వింటోంది. బంగారం అంగళ్ళ వాళ్ళు బయటికొచ్చి చూసినారు. నేను మాత్రం మామ కుడి కాలినే చూస్తాన్నాను. ఆయన బ్రేకు తొక్కినప్పుడల్లా నా కాళ్ళు కూడా కింద రేకును తొక్కేవి. ఊరు దాటినాం. రెండు పక్కలా నల్లరేగడి చేలు. గాలికి నా జడ విప్పుకుని మొహం మీద కొడుతోంది. ఎనిమిది నెలలు నేను కలలు కన్న గాలి అదే. ఒక్క గుక్క కూడా నాకు ఆనలేదు.

మామ ఏవేవో మాట్లాడుతున్నాడు. ఇది ఫలానా ఊరు, ఇక్కడ ఒకసారి వానలో లారీ దిగబడింది అని. నేను ఊఁ కొడతాన్నాను. కొంచెం దూరం పోయినాక ఆయన వేగం తగ్గించి, "ముందర వంక ఉంది. దావ బాగా దిగుతాది. ఆడ కల్వర్టు సన్నం. ఈడ నుంచి బ్రేకే మనకు దిక్కు" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నా వైపు చూడలేదు.

కారు ముందు భాగం కిందికి వంగింది. కింద వాగు, దాని కల్వర్టు మీద ఒక ఎద్దుల బండి, బండి మీద ఇద్దరు ఆడవాళ్ళు కనపడినారు.

"మామా, ఆపు" అన్నాను. "బ్రేకుకు పిన్ను లేదు. విరిగిపోయింది. తలపిన్ను పెట్టినా."

మామ నెమ్మదిగా బ్రేకు తొక్కినాడు. కారు దిగుడు మొదట్లోనే, రోడ్డు పక్కన, చక్కగా ఆగింది. ఇంజను ఆపినాడు. ఎద్దుల బండి కల్వర్టు దాటి వెళ్ళిపోయింది. తర్వాత ఆయన చొక్కా జేబులో నుంచి నా తలపిన్ను తీసి నా ఒళ్ళో పెట్టినాడు.

నిన్న సాయంత్రం నేను అటూ ఇటూ తిరుగుతున్నప్పుడే ఆయనకు అనుమానం వచ్చిందట. చంకకర్ర పక్కన పడేసి, బోర్లా పడుకుని, మోచేతుల మీద పాక్కుంటూ కారు కిందికి దూరినాడట. రాత్రి చాచా పులివెందుల నుంచి రాగానే ఆయన షాపు తెరిపించి, కొత్త పిన్ను చేయించి తనే బిగించినాడట.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "తెలిసీ నన్ను ఇంత దూరం యాల తెచ్చినావు?" అన్నాను.

"నేను అడిగింటే భయానికి చెప్పేదానివి. నీయంతట నువ్వు చెప్తావా లేదా అని సూడాలనుకున్నా" అన్నాడు. "నాకూ భయంగానే ఉండె పాపా. నువ్వు చెప్పకుండా ఆ వంక దాటేసింటే, తర్వాత నీతో ఏం మాట్లాడల్లో నాకు తెలీదు" అన్నాడు.

అప్పుడు ఏడ్చినాను. ఆయన ఊరుకోమనలేదు. రోడ్డు వైపు చూస్తూ తన సంగతి చెప్పడం మొదలుపెట్టినాడు. లారీ బోల్తా పడిన రోజు పొద్దున్నే బ్రేకు వదులుగా ఉందని ఆయనకు తెలుసట. పెడలు తొక్కితే సగం దాకా ఖాళీగా పోయేదట. లోడు దింపేసినాక చూపించుకుందాంలే, ఒక్క పూటకు ఏమవుతాది అనుకున్నాడట. నిలబడే ఓపిక లేక బయలుదేరినాడట. "కర్మ కాదు పాపా. నాకు తెల్సు. తెల్సి పోయినా. నా కాలితోనే పోయింది, ఆ దావలో ఎవరూ అడ్డం రాలేదు. ఈ మాట మీ అవ్వకు గూడా చెప్పలేదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు."

పదకొండేళ్ళ పిల్లతో ఆ మాట చెప్పాల్సిన అవసరం ఆయనకు లేదు. నన్ను తిట్టి, చెవి మెలేసి, ఇంటికి తిప్పుకొచ్చింటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. అలా చేసుంటే నాకు ఆ దెబ్బ గుర్తుండేది, అంతే. ఆయన నా తప్పు పక్కన తన తప్పును తెచ్చి పెట్టినాడు. నా దాని కంటే అది ఎంతో పెద్దది. రెండూ ఆ ఎండలో మా ఇద్దరి మధ్య అలా ఉన్నాయి. నాకు ఏదో బరువు దిగినట్టూ, వేరే ఇంకేదో నెత్తికి ఎత్తుకున్నట్టూ అనిపించింది.

మామ నన్ను దిగమని, కారు కింద దూరి ఆయన పెట్టిన పిన్ను చూసి రమ్మన్నాడు. చూసినాను. రెండు కాళ్ళూ సమంగా వంగి ఉన్నాయి. ముందుకు పోదామా, వెనక్కి పోదామా అని నన్నే అడిగినాడు. ముందుకే అన్నాను. జమ్మలమడుగులో సోడా తాగి తిరిగొచ్చినాం. ఇంట్లో ఎవరికీ ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ కారును మామ చాలా ఏళ్ళు నడిపినాడు. తర్వాత దానికి సామాన్లు దొరక్క ఆగిపోయింది. మామ పోయి కూడా చాలా కాలమయింది. ఆయన సంగతిని ఇప్పుడు బయటపెట్టడం సరైనదేనా అని ఈ నాలుగు మాటలు రాయడానికి ముందు చాలా రోజులు తటపటాయించినాను. నొచ్చుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఉన్నింటే మామే రాయమనేవాడనుకుంటాను.

నేను పెద్దయి నర్సునయినాను. ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేసి ఈ మధ్యే రిటైరయినాను. చిన్న నర్సులు కొందరు మందు తప్పుగా ఇచ్చి, చెప్పలేక, మంచాల మధ్య ఊరికే తిరుగుతుండేవాళ్ళు. ఆ నడక చూస్తే నాకు వెంటనే తెలిసిపోయేది. ఆ పిల్ల చూసే రోగులందరినీ ముందు నేనే చూసుకుని, ప్రమాదం లేదని తేలినాక, ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. ఏం చేసినావని అడిగేదాన్ని కాదు. నేను కొత్తలో చేసిన ఒక పెద్ద తప్పు చెప్పేదాన్ని. తర్వాత ఊరుకునేదాన్ని. ఎక్కువమంది చెప్పేవాళ్ళు. కొందరు చెప్పేవాళ్ళు కాదు, అప్పుడు నేనే అడగాల్సి వచ్చేది. ఇప్పుడు మా ఇంట్లో పిల్లల దగ్గరా అంతే. ముందు నాది చెప్తాను. చెప్పి, వాళ్ళ వైపు చూడకుండా, వాళ్ళకు మాట వచ్చేదాకా కూర్చుంటాను.