పాప చేతులు దించేదాకా

మా చిన్నతనంలో పల్లెలో చెక్కభజన మొదలైందంటే... ఆడేవాళ్ళ చూపంతా మా నాయన మణికట్టు మీదే ఉండేది. ఆయన గురువు. మధ్యలో తాళాలు పట్టుకుని నిలబడేవాడు. పాడేదీ ఎగిరేదీ వాళ్ళు... నడిపేది మాత్రం ఆయన.

ఆట మంచి ఊపులో ఉండగా ఉన్నట్టుండి తాళాలు తలపైకెత్తి ఆపేసేవాడు. కాళ్ళన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయేవి. అప్పుడు చూసేవాళ్ళలో పెద్దవాళ్ళెవరైనా "గోవిందా..." అనాలి. పక్కవాళ్ళు "గోవింద" అని అందుకోవాలి. అది వినబడితేగాని తర్వాతి అడుగు పడేది కాదు. మా రాజంపేట పక్క పద్ధతి అది.

తర్వాత నేను కువైట్ వచ్చి బస్సు తోలుకుంటూ బతికాను. పొద్దున్నే కంపెనీ వాళ్ళను అహ్మదిలో దించడం, సాయంత్రం తీసుకురావడం... ఇల్లు ఫింటాస్‌లో. మా పాప శైలజ అక్కడే పెరిగింది. పక్క ఫ్లాటు మలయాళీ టీచరమ్మ పిల్లలకు పియానో నేర్పేది. మా పాప అక్కడ మొదలుపెట్టింది... యూరప్ దాకా పోయి చదివింది. ఇప్పుడు అంత పెద్ద ఆర్కెస్ట్రా ముందు నిలబడి అందరినీ నడిపిస్తుంది, నా బంగారుతల్లి.

ఆమెకు పాతకాలం పెద్దవాళ్ళ సంగీతం కంటే, ఇప్పుడు బతికున్నవాళ్ళు రాసే కొత్త సంగీతమంటేనే ప్రాణం. అందరికీ తెలిసినవే వాయించు, హాలు నిండుతుంది అని ఎంతమంది చెప్పారో... వినలేదు. కొన్ని ఊళ్ళలో జనం మధ్యలోనే లేచిపోయారట.

ఈ చలికాలం ఒక కొత్త ఆపెరా పట్టుకుని కువైట్‌కే వచ్చింది. ఆపెరా అంటే మన పద్యనాటకం లాంటిదే... మాట్లాడేదంతా పాటే. ముత్యాల కోసం సముద్రం మీదికి పోయిన మొగవాళ్ళ కోసం ఒడ్డున కనిపెట్టుకుని ఉండే ఆడవాళ్ళ కథ. రాసింది ఒక కువైటీ అమ్మాయి. రెండు రోజుల ఆట. మొదటిరోజు జనం లేచిపోతే, రెండోరోజు ఇది మానేసి పాతదేదైనా వాయించాలని పెట్టించినవాళ్ళు ముందే చెప్పేశారు.

పాప ఆ సంగతి పొద్దున టీ తాగుతూ చెప్పింది.

"నాయినా, జనం లేసిపోతాంటే నువ్వు మొగం యాలాడేసుకోని కూచోవాకు."

"నీ ఆట ఇడిసిపెట్టి యాటికి పోతార్లేమ్మా" అన్నాను. ధైర్యంగానే అన్నాను... కానీ టీ సగంలోనే పక్కన పెట్టేశాను.

నాకు తోడు సత్తిబాబు వచ్చాడు. కోనసీమ మనిషి, షర్క్‌లో ఒక ఆఫీసులో పని. హాల్లో కూర్చున్న కాసేపటికే నా చెవి దగ్గర మొదలుపెట్టాడు.

"బాబాయ్ గారూ, ఇదేంటండీ... వయొలిన్లు తలుపు కిర్రుమన్నట్టు మోగుతున్నాయి."

"ఊరుకోరా, సముద్రమంట అది."

"ఆయ్... సముద్రం మా అంతర్వేదిలోనూ ఉందండి. ఇలా కిర్రుమనదు."

నిజానికి నాకూ ఏమీ అంతుపట్టలేదు. పాప వీపు కనబడుతోంది... ఆ వీపునే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళు ఎదురుచూసిన రోజు కదా, ఆనందంతో ఉక్కిరిబిక్కిరి అయిపోతాననుకున్నాను. అట్లా కాలేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. కాళ్ళు నావి కావు, చేతులు నావి కావు.

ఇంతలో మా ముందు వరుసలో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు... మళ్ళీ ఇంకోసారి. అయిపోయింది, రేపటి ఆట పోయినట్టే అనుకున్నాను. అప్పుడైనా బాధ కలగాలి కదా... అదీ కలగలేదు.

అప్పుడే పాప రెండు చేతులూ పైకెత్తి ఆపేసింది. వాయించేవాళ్ళు, పాడేవాళ్ళు... అందరూ బిగుసుకుపోయారు. ఊపిరి కూడా వినబడనంత నిశ్శబ్దం.

"ఖలాసాండీ?" అన్నాడు సత్తిబాబు. జనం కూడా అదే అనుకున్నారేమో, చాలామంది లేవబోతున్నారు.

పాప చేతులు పైనే ఉన్నాయి. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"గోవిందా..."

పక్కనుంచి సత్తిబాబు "గోవింద" అని అందుకున్నాడు.

హాలు హాలంతా మా వైపు తిరిగింది. లేవబోయినవాళ్ళు కూడా ఎవరా అని చూస్తూ మళ్ళీ కూలబడ్డారు. పాప మాత్రం తిరగలేదు. చేతులు దించలేదు.

కాసేపటికి వేదిక మీద ఒక్క ఆడగొంతు సన్నగా మొదలైంది... తోడు వాయిద్యం ఏదీ లేదు. అప్పుడు పాప చేతులు మెల్లగా దిగాయి. ఆ తర్వాత లేచినవాళ్ళు లేరు. మా కేకకు ఆగారో, ఆ గొంతుకు ఆగారో... నాకు తెలియదు.

చివర్లో అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు. నాకు చేతులు లేవలేదు.

సత్తిబాబూ నేనూ వేదిక వెనక్కి వెళ్తే పాప చెమటతో తడిసిపోయి ఉంది. పక్కనే ఆ రాసిన అమ్మాయి.

"ఆ గోవిందా నీదే గదా నాయినా?"

"నోట్లోంచి వచ్చేసిందమ్మా... చెడగొట్టినానా?"

"చెడగొట్టినావు. ఆ సైలెన్స్ కోసం ఈమె ఎంతమందితో కొట్లాడిందో నీకేం తెలుసు."

"మరి ఆ రాసిన పిల్ల నవ్వుతాంది గదా?"

"ఆమె నవ్వుతాంది. నేను నవ్వడంల్యా." అంటూనే నా చేతులు రెండూ పట్టుకుంది. "ఇంత సల్లగుండాయేంది... రేపు గూడా ఇదే ఆడతాండాం నాయినా. ఒప్పుకున్న్యారు. నువ్వు రా. ఈయప్పను మాత్రం పిల్సకరావాకు."

"నేనేం చేశానమ్మా" అన్నాడు సత్తిబాబు. "ఆయనన్నారు, నేను అందుకున్నాను. మధ్యలో వదిలేస్తే బాగోదు కదండీ."

ఒప్పుకున్నారన్న మాట విన్నాక కూడా నాకు ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. ఇంటికొచ్చేదాకా కారు అద్దంలోంచి బయటికి చూస్తూనే ఉన్నాను.

మా కాలంలో కొడుకు అడుగు తప్పితే తండ్రి అక్కడికక్కడే పట్టుకునేవాడు... ఆ పని ఆయనకూ వచ్చు కాబట్టి. ఇప్పుడు నా బిడ్డ ఎంత బాగా చేసిందో చెప్పాలన్నా నాకు చేతకాదు. వెళ్ళి కూర్చోవడం ఒక్కటే నాకు వచ్చు. ఈ సాయంత్రం మళ్ళీ వెళ్ళి కూర్చుంటాను.

మీకు అంతుపట్టని పని మీ పిల్లలు చేస్తుంటే, ఎదురుగా కూర్చుని చూసిన రోజు మీకూ ఉందా... ఆరోజు మీకు ఎట్లా అనిపించిందో రాయండి. చదివైనా తెలుసుకుంటాను... నాకింకా ఏమీ అనిపించడం లేదు.