ఖాతూన్‌బీ పెట్టిన పేరు

మా చిన్నమ్మ కృష్ణమ్మకు ఓర్వలేనితనం పుట్టుకతో వచ్చింది. పులివెందులలో పుట్టి, ప్రొద్దుటూరులో మగ్గం నేసే ఆదినారాయణ ఇంటికి కోడలుగా వెళ్లింది. ఎదురింటామె కొత్త చీర కడితే ఆ పూట చిన్నమ్మకు అన్నం సయించేది కాదు. చెల్లెలు కాబట్టి మా అమ్మ నవ్వి ఊరుకునేది. నేను ఊరుకునే రకం కాదు, ఆమెను ముఖం మీదే దెప్పేదాన్ని. కానీ ఒక్క విషయంలో మాత్రం ఆమె కడుపుమంట న్యాయమైనదని నా నమ్మకం.

చిన్నమ్మకు మొదటి ఇద్దరు బిడ్డలూ పురిటిలోనే పోయారు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మూడో కాన్పుకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డలు నిలవని ఇళ్లలో, పుట్టిన పిల్లను చేటలో పెట్టి దిబ్బ మీద వదిలేవాళ్లు. పిల్లలు చక్కగా బతికిన ఇల్లాలు ఒకామె వచ్చి, ఎవరో పారేసిన పిల్ల అంటూ ఎత్తుకుని, పేరు పెట్టి, చేటెడు తవుడు తీసుకుని కన్నతల్లికే అమ్మేది. ఎవరికీ పనికిరాని పిల్ల అనుకుని చావు కూడా పక్కకు తప్పుకుంటుందని నమ్మకం. ఆ వీధిలో దిబ్బమ్మ, పెంటమ్మ, తవుడమ్మ అందుకే ఉండేవాళ్లు. ఆడపిల్లలు ఇక చాలని దేవుడికి చెప్పుకుని పేరు పెట్టిన చాలమ్మ కూడా ఉండేది. ఆమె తర్వాత ముగ్గురు చెల్లెళ్లు పుట్టారు, దేవుడు ఆ పేరు విన్నట్టు లేదు.

చిన్నమ్మ అత్త గురవమ్మ, పిల్లను ఎత్తుకోవడానికి పక్కింటి ఖాతూన్‌బీని పిలిచింది. ఖాతూన్‌బీది జమ్మలమడుగు. మొగుడు పరుపులకు దూది ఏకుతాడు. అయిదుగురు మగపిల్లలు, అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు. ఆమె బిడ్డను ఎత్తుకుని, తవుడమ్మ అనలేదు, పెంటమ్మ అనలేదు. దస్తగిరి స్వామిని తలుచుకుని దస్తగిరమ్మ అంది. దస్తగిరి అంటే ఆపదలో చెయ్యి పట్టుకునేవాడని అర్థం కూడా చెప్పింది. మా వైపు పీర్ల పేర్లు పెట్టుకున్న హిందువులు ఇంటికొకరు ఉంటారు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. గురవమ్మయితే సంతోషంగా తవుడు కొలిచి ఇచ్చింది.

పిల్ల బతికింది. చిక్కల్లా అక్కడే వచ్చింది. కన్నదీ చిన్నమ్మే, నిద్ర మానుకుని సాకిందీ చిన్నమ్మే, పొగడ్త మాత్రం ఖాతూన్‌బీ చేతి చలవకు. ఎవరు పిల్లను పేరు పెట్టి పిలిచినా, పక్కింటామెను మెచ్చుకున్నట్టే చిన్నమ్మకు వినపడేది. పిల్ల కూడా తక్కువది కాదు. తెల్లారితే పక్కింట్లో, ఆకలేస్తే పక్కింట్లో. రంజాన్ పండక్కి ఖాతూన్‌బీ పిల్ల చేతులకు గాజులు తొడిగి పంపితే, చిన్నమ్మ ఆ పూటంతా వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేసింది. అది వట్టి అసూయే. కానీ తన బిడ్డను ఇంకొకరు ముద్దు చేస్తుంటే తల్లి కాకపోతే ఎవరు అసూయపడతారు?

పిల్లను బడిలో వేసే ఏడు వచ్చేసరికి చిన్నమ్మకు దారి దొరికింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పిల్లను వెంటబెట్టుకుని వెళ్లి ఇందుమతి అని రాయించి వచ్చింది. పున్నమి చంద్రుడి వంటిదని అర్థమట. నెల తిరక్కుండానే అయ్యవారు ఇంటికి వచ్చి, మీ ఇందుమతి ఒక్కనాడూ బడికి రాలేదేమని అడిగాడు. పిల్ల రోజూ బడిలో ముందు వరసలోనే కూర్చుంటోంది. ఆ పేరుతో పిలిస్తే పలకనని మొండికేసింది, అంతే.

సంగతి తెలిసిన గురవమ్మ నెత్తి కొట్టుకుంది. పేరు పెట్టిన చెయ్యే దాన్ని తియ్యాలని, లేకపోతే పిల్ల దక్కదని కోడల్ని బెదిరించింది. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి ఆ మాట విని నిమ్మళంగా ఎట్లా ఉంటుంది? మర్నాడే చిన్నమ్మ చేటలో తవుడు పోసుకుని పక్కింటికి వెళ్లింది.

ఖాతూన్‌బీ దూదిలో పుల్లలు ఏరుతోంది.

"నువ్వు పెట్టిన పేరు నువ్వే తీసెయ్యక్కా. నా బిడ్డను నాకు మళ్లా అమ్ము" అంది చిన్నమ్మ. బతిమాలడానికి వెళ్లిన మనిషి గొంతు తగువుకు వెళ్లినట్టే ఉంది.

ఖాతూన్‌బీ చేట వైపు చూసింది గానీ అందుకోలేదు.

"కిష్ణమ్మా, ఆ పొద్దు దిబ్బ మీద నుంచి ఎత్తుకున్యాక నాకు తిరిగి ఇయ్యబుద్ధి కాలేదు. ఆడపిల్ల కోసరమే అయిదుగుర్ని కంటి. నీ బిడ్డను చూసి శానా కుళ్లుకున్యా. తవుడమ్మ అని పెడితే నీది నీకు పోతాది. మా సామి పేరు పెడితే, పిలిచినప్పుడల్లా రవ్వంత నాదైతాది అనుకున్యా" అంది.

చిన్నమ్మ చేట దించి గడప దగ్గరే కూర్చుంది. తనను చూసి కూడా ఒకరు కుళ్లుకోగలరని ఆమెకు ఏనాడూ తట్టలేదు. తర్వాత మా అమ్మకు ఈ సంగతి చెప్పేటప్పుడు చిన్నమ్మ ముఖం చూడాలి, పెళ్లినాడు కూడా అంత కళ లేదు.

ఖాతూన్‌బీ కళ్లు తుడుచుకుని, పేరు తీసేస్తానని, పిల్లను పిలవమని చెప్పి చేటకు చెయ్యి చాపింది. చిన్నమ్మ చేటను వెనక్కి లాక్కుంది.

"ఉండనీలే అక్కా. బిడ్డలో నీకుండేది ఆ పేరొకటే కదా" అంది.

ఆ మాట జాలిపడి అన్నదో, గెలిచి అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఖాతూన్‌బీ మాత్రం తల వంచుకుని, ఏరిన దూదినే మళ్లీ ఏరసాగింది.