దగ్గితే చాలదన్న కెప్టెన్ సాబ్

సోమవారం తెల్లవారి అయిదున్నరకు వరంగల్ స్టేషన్లో సికింద్రాబాద్ ప్యాసింజర్ ఎక్కాను. కాశిబుగ్గలో మా ఇంటి నుంచి స్టేషనుకు రిక్షాలో వచ్చాను. చేతిలో ఒక సంచీ, అందులో ఇస్త్రీ చేసిన యూనిఫాం తెల్ల చొక్కా, అమ్మ కట్టిచ్చిన సర్వపిండి, పాఠాల పుస్తకం. ఆ రోజు పరీక్ష తప్పితే ఆ చొక్కా ఇక పెళ్లిళ్లకు వేసుకోవలసిందే.

సంగతేమిటంటే, ఎనభైల మొదట్లో చిన్న ఊళ్లకు చిన్న విమానాలు నడిపే కంపెనీ ఒకటి నన్ను కో-పైలట్‌గా తీసుకుంది. బేగంపేటలో రెండు నెలల శిక్షణ. పుస్తకాల చదువు గట్టెక్కాను గాని, శుక్రవారం గాల్లో పెట్టిన పరీక్షలో బోల్తా కొట్టాను. పరీక్ష పెట్టిన కెప్టెన్ సాబ్ హైదరాబాదీ, మా నాయిన వయసు మనిషి. ఉండవలసిన ఎత్తు కన్నా కిందికి కావాలనే విమానాన్ని దించారు. ఎత్తు చూపే ముల్లు నాకు కనబడుతూనే ఉంది. కాని మా ఇళ్లలో పెద్దల తప్పును ముఖం మీద చెప్పం. గొంతు సవరించుకుంటాం, వాళ్లే గ్రహిస్తారు. నేనూ అదే చేశాను. ఒకసారి దగ్గాను. ఇంకా దిగుతుంటే కొంచెం గట్టిగా దగ్గాను.

నేల మీదికి వచ్చాక ఆయన, "దగ్గు మందు తాగుతవా మియా, నోరు తెరుస్తవా?" అన్నారు. సోమవారం ఇంకొక్క అవకాశం, అదే ఆఖరుది. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంటికి వచ్చి, ఆదివారమంతా మగ్గం మీద కూర్చున్న నాయిననే కెప్టెన్ అనుకుని, "కెప్టెన్, ఎత్తు తక్కువ" అని గట్టిగా చెప్పడం నేర్చుకున్నాను. నాయిన నా వంక చూడకుండానే అమ్మతో, "పిలగానికి జర దిష్టి తియ్యి" అన్నాడు.

రైల్లో నా ఎదుటి సీట్లో కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూకం వేసే పెద్దమనిషి ఉన్నాడు. కాజీపేట దాటాక ఆయనకూ సర్వపిండి పెట్టాను.

"ఏం నౌకరి బిడ్డా?" అని అడిగాడు.

"విమానం నడిపే నౌకరి, పెద్దనాయినా. ఇయ్యాల పరీక్ష. పెద్దసారు తప్పు చేస్తే మొఖం మీద చెప్తనా లేదా అని చూస్తరు."

ఆయన నమలడం ఆపాడు. "మా కాంటా కాడ సేటుకు ఎదురు చెప్తె మర్నాడు పనికి పిలువడు. మీ కాడ చెప్తెనే నౌకరా? మంచిగనే ఉన్నది."

ఈ దారిన వెళ్లేవారు చాయ్ జనగామలోనే తాగండి, బండి అక్కడ తీరిగ్గా ఆగుతుంది. తొమ్మిదింటికి సికింద్రాబాదులో దిగి, స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో చొక్కా మార్చుకుని, సిటీ బస్సులో బేగంపేట చేరేసరికి పది.

పదకొండింటికి గాల్లోకి లేచాం. వెనక సీట్లన్నీ ఖాళీ, ముందు కెప్టెన్ సాబ్, నేను, ఇద్దరమే. వెళ్లేది ఎక్కడికనుకున్నారు? మామునూరుకు, అంటే తిరిగి మా వరంగల్‌కే. పొద్దున మూడున్నర గంటలు కుదేసిన రైలు పట్టాలు కింద సన్నని గీతలా ఉన్నాయి. భువనగిరి గుట్ట రెక్క కింద నుంచి జారిపోయింది. ముప్పై అయిదు నిమిషాల్లో మా ఊరి ఇళ్లు కనిపించాయి. అక్కడెక్కడో నాయిన మగ్గం ఆడుతూ ఉంటుంది. ఆ సంతోషానికి పరీక్ష సంగతే కాసేపు మరిచిపోయాను.

విమానం కెప్టెన్ సాబ్ చేతిలోనే ఉంది. మామునూరులో దిగబోతుండగా వేగం పడిపోవడం మొదలైంది. గొంతులోకి దగ్గు వచ్చింది. మింగేశాను.

"కెప్టెన్, స్పీడ్ తక్కువ."

పలకలేదు. కళ్లు మూసి, తల వాల్చేశారు. రెండుసార్లు పిలిచినా పలక్కపోతే విమానాన్ని కో-పైలట్ తన చేతుల్లోకి తీసుకోవాలని పాఠం. రెండోసారి నాకు ఇంగ్లీషు రాలేదు. "సార్, స్పీడ్ పోతాంది, జర చూడుండ్రి" అని అరిచాను. అయినా ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇక విమానాన్ని నేనే పట్టుకుని, ఇంజన్లకు బలమిచ్చి పైకి లేపాను. ఒక చుట్టు తిరిగి వచ్చి, నా చేతులతో నేనే దించాను. చక్రాలు నేలను తాకాకగాని ఆయన కళ్లు తెరవలేదు.

"దగ్గు తగ్గినట్టుంది" అన్నారు.

పన్నెండున్నరకు తిరుగు ప్రయాణం. నడిపేది ఆయనే. నా ప్రాణం తేలికపడింది, ఆయనా మంచి హుషారులో ఉన్నారు. తన చెల్లెలి పెళ్లిలో బిర్యానీ దేగ్, అంత పెద్ద గుండిగ, మాయమైన కథ ఎత్తుకున్నారు. బేగంపేట దగ్గరపడింది, కథ తెగలేదు. రన్‌వే ఎదురుగా కనిపిస్తోంది, చక్రాలు ఇంకా దించలేదు. ఓహో, ఇంకో పరీక్ష అనుకున్నాను.

"కెప్టెన్, చక్రాలు దించలేదు."

కథ ఆగిపోయింది. ఆయన చేయి గబుక్కున మీట మీదికి వెళ్లింది. చక్రాలు దిగినట్టు మూడు పచ్చదీపాలు వెలిగాయి. విమానం దిగి ఆగింది.

"సార్, ఇది గూడ పరీక్షేనా?" అన్నాను.

"నై" అన్నారు. "కథల పడి మరిచిన."

ఆయన అక్కడే కూర్చుని కాగితం నింపి, సంతకం పెట్టి, కార్బన్ కాపీ నా చేతిలో పెట్టారు.

నాలుగింటి బండిలో ఇంటి ముఖం పట్టాను. పక్కన నర్సంపేట ముసల్మాను పెద్దామె, ఖాలా అని వరస కలిపాను, భర్తను దవాఖానలో చూపించి తీసుకుపోతోంది. నేను ఆ కాగితాన్ని మాటిమాటికి విప్పడం చూసి, "ఏందది బేటా?" అంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమెకు తెలుగులో చదివి చెప్పాను: శుక్రవారం నోరు తెరవలేదు. సోమవారం తెరిచాడు. బేగంపేటలో నేను చక్రాలు మరిచిపోతే గుర్తు చేశాడు. పాస్.

"మరిచింది ఎవరు?"

"పెద్దసారే, ఖాలా."

"తన తప్పు తనే రాసుకున్నడా?"

"రాసుకున్నడు."

రాను పోను ఏడు గంటల రైలు, గంటకు పైగా గాలి ప్రయాణం, ఒక్క రోజులో. ఇంతకన్నా మంచి ప్రయాణం నేను చేయలేదు. ఖాలా భర్త భుజం తట్టింది.

"ఇన్నవా జీ? గసోంటోల్లు నడిపితె మనం గూడ ఎక్కొచ్చు."