ఖాసిం సార్ చదివిన వీసా కాగితాలు

పక్కింటి కిటికీలోంచి పొద్దున్నే ఒక గొంతు వినబడింది. రెండో తరగతి పిల్ల పాఠం కూడబలుక్కుంటోంది. ఒక అక్షరం దగ్గర ఆగడం, వెనక్కి వెళ్ళడం, మళ్ళీ మొదటినుంచి అందుకోవడం, చివరికి మాట మొత్తం నోట పడగానే గొంతు ఒక్కసారి పైకి లేవడం. బియ్యం ఏరుతున్న నా చెయ్యి చాటలోనే ఆగిపోయింది. చదువుతున్నది ఏడేళ్ళ పిల్లే కానీ, నాకు వినబడింది అరవై రెండేళ్ళ మనిషి. కదిరిలో, తాలూకాఫీసు ఎదుట, నా టైపు మిషను పక్కన స్టూలు మీద కూర్చుని అచ్చం ఇలాగే అక్షరాలు కూడబలుక్కున్న ఖాసిం సార్.

ఉర్దూ బడిలో జీవితమంతా పాఠాలు చెప్పి రిటైరైన పంతులు ఆయన. పొట్టి మనిషి, చొక్కా జేబు కింద ఎప్పుడూ ఒక సిరా మరక, నడకలో తొందర. గొంతు మాత్రం మనిషికి రెండింతలుండేది. ఖురాను చదివితే వీధిలో పోయేవాళ్ళు భాష తెలియకపోయినా నిలబడి వినేవారు. నాకప్పుడు ఇరవై అయిదేళ్ళు. మా నాయన ధర్మవరంలో మగ్గం వదిలిపెట్టి కదిరి చీరల కొట్లో గుమాస్తాగా చేరాడు. నేను టైపు పరీక్షలు పాసై, తెలుగుదొకటి ఇంగ్లీషుదొకటి రెండు మిషన్లు పెట్టుకుని అర్జీలు కొట్టిచ్చే అంగడి నడిపేదాన్ని. తాలూకాఫీసుకు పనిమీద వచ్చే సార్ ఎండ తగ్గేదాకా నా అంగట్లో కూర్చునేవారు. మా పరిచయం అలా మొదలైంది.

ఎనభైల మొదట్లో మా వైపు వరసగా వానలు మొహం చాటేశాయి. శెనక్కాయ విత్తిన చేలు విత్తినట్టే ఎండిపోయాయి. ఆ రోజుల్లోనే కువైట్ అనే మాట కదిరి చుట్టుపక్కల పల్లెల్లోకి వచ్చింది. అంతవరకూ అనంతపురం కూడా చూడని ఆడవాళ్ళు ఇంటిపని కోసం సముద్రం దాటి పోవడానికి పాస్‌పోర్టు ఫారాలు పట్టుకుని నా దగ్గరికొచ్చేవారు. పుట్టిన తేదీ దగ్గరే నాకూ వాళ్ళకూ చెమటలు పట్టేవి. "శెనక్కాయ పెరికేటప్పుడు పుట్టినానంట, రాసుకో" అనేవాళ్ళు. స్కూలు కాగితం ఉండదు, పంచాయతీ పుస్తకంలో పేరుండదు. మేజిస్ట్రేటు ముందు ప్రమాణ పత్రం ఇవ్వాలి, పోలీసు విచారణ జరగాలి, భర్త ఒప్పుకున్నట్టు రాసివ్వాలి, మశూచి పోయిందన్నా మిగతా టీకాల చీటీ చూపాలి. ఇవన్నీ ఎలాగో దాటేవాళ్ళం. చిట్టచివర ఏజెంటు వీసా నకలని ఒక కాగితం తెచ్చి చేతిలో పెట్టేవాడు. అది అరబ్బీలో ఉండేది. అక్కడ మాకందరికీ కళ్ళు పోయినట్టయ్యేది.

అరబ్బీ అంటే ఊళ్ళో అందరికీ గుర్తొచ్చే మనిషి ఖాసిం సారే. అట్లా వచ్చింది రమణమ్మ. కదిరికి నాలుగు మైళ్ళ దూరంలోని పల్లె. ముప్పై ఏళ్ళుంటాయి, ఎముకల గూడులాంటి మనిషి, కళ్ళు మాత్రం చురుగ్గా ఉండేవి. భర్తకు బావి తవ్వకంలో నడుము విరిగింది, ఇద్దరు ఆడపిల్లలు. సార్ ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని పైనుంచి కిందిదాకా చదివారు. పద్యం చదివినట్టు చదివారు. కింద గుండ్రంగా ఒక ముద్ర ఉంటే దాన్ని కూడా వదలకుండా "ముల్గా" అని చదివారు.

"అంతా బాగుండాదా సార్?" అనడిగింది రమణమ్మ.

"బ్రహ్మాండంగా ఉండాది తల్లీ. ధైర్యంగా పో" అన్నారు సార్.

పల్లెంతా వచ్చి రమణమ్మను రైలెక్కించింది. పదకొండో రోజుకు ఆమె తిరిగొచ్చింది. బొంబాయిలో విమానం ఎక్కే చోట ఆ కాగితం చూసినవాళ్ళు తల అడ్డంగా ఊపి పక్కకు నిలబెట్టారట. తీసుకుపోయిన ఏజెంటు మనిషి అప్పటికే మాయమైపోయాడు. స్టేషను నుంచి ఇంటికి పోకుండా, నెత్తిన మూట దించకుండా నేరుగా నా అంగటికొచ్చింది. సార్ అక్కడే ఉన్నారు. అర్జీల కోసం వచ్చిన నలుగురైదుగురు కూడా ఉన్నారు.

"సార్, మీరు చదివినారు కదా. రద్దు చేసిన వీసా అంట ఇది. ముద్రలో అదే రాసిండాదంట. మీకు కనపడలేదా? ఊరంతా సాగనంపింది. ఇప్పుడు ఏ మొగం పెట్టుకుని పోయేది నేను?"

ఆయన ఏదైనా చెప్పి తప్పించుకోగలిగేవారు. అక్షరాలు సరిగ్గా పడలేదనో, నకలు మసగ్గా ఉందనో అంటే కాదనేవాళ్ళు ఆ వీధిలోనే లేరు. ఆయన లేచి నిలబడ్డారు.

"కనపడింది తల్లీ. చదివినా. కానీ ఆ మాటకు అర్థం నాకు తెలీదు. ముల్గా అంటే ఆఫీసరు పేరేమో అనుకున్నా. నాకు అరబ్బీ చదవను వస్తుంది, అంతే. అర్థం రాదు. చిన్నప్పుడు మాకు చదవడమే నేర్పినారు. రాదని చెప్పను సిగ్గుపడినా. తప్పు నాది."

ముప్పై ఏళ్ళ పాటు ఊరంతా సలాం కొట్టిన పంతులు, నలుగురి ముందు, ఒక కూలి మనిషితో అన్న మాటలవి. సారే ఆ మూట అందుకుని ఆమెతో పల్లెదాకా నడిచిపోయి, కాగితం సంగతి తనకు తెలియకనే ఇట్లా జరిగిందని వాళ్ళ అత్తకూ భర్తకూ చెప్పి వచ్చారట.

తర్వాతి శనివారం ఆయన స్టూలు ఖాళీగా ఉంది. సోమవారం వచ్చి, చంకలోంచి ఇటుకంత లావు నిఘంటువు తీసి నా బల్లమీద పెట్టారు. బెంగుళూరులో ఒక మదరసాలో అరబ్బీ భాష నేర్పే తరగతిలో చేరానన్నారు. వారానికోసారి తెల్లవారే బస్సులో పోయి, రాత్రికి వచ్చేవారు. "పంతులు నా మనవడంత ఉండాడు. నేను నోరు తెరిస్తే పిల్లోళ్ళంతా నవ్వుతాండారు" అన్నారు. నాకు బాధేసి, మీకెందుకు సార్ ఈ వయసులో అన్నాను. "నవ్వనీలేమ్మా. నా కాడ చదివినోళ్ళను చూసి నేనూ నవ్వినా కదా" అన్నారు.

మధ్యాహ్నాలు పని పలచబడ్డాక మా అంగడి బడి అయ్యేది. పాత వీసా నకళ్ళు ఎక్కడెక్కడివో తెచ్చి ముందేసుకుని ఒక్కొక్క మాటా కూడబలుక్కునేవారు. ఖురాను చదివేటప్పుడు నదిలా పారే గొంతు అర్థం కోసం వెతికేటప్పుడు కుంటేది. ఆగేది, వెనక్కి పోయేది. మాట దొరికితే మాత్రం పిల్లాడిలా బల్ల మీద గుద్దేవారు. ఎవరి కాగితమైనా అర్థం తేలితే నేను దాన్ని తెలుగులో కొట్టిచ్చేదాన్ని. ఒకరోజు ఆయన నావైపు తిరిగి అడిగారు.

"నేను చెప్పింది నువ్వు కొడతాండావు. నేను తప్పు చెప్తే నీకు యాడ తెలుస్తుంది?"

"తెలీదు సార్."

"అయితే నేర్చుకో. ఒక కన్నును నమ్ముకుని మునిగినాం ఒకసారి. ఇంగ రెండో కన్ను ఉండాల."

మా వాళ్ళేమంటారో అని నసిగాను. ఇంట్లో చెబితే మా నాయన నవ్వి, "కుడి పక్కనుంచి రాస్తారంట కదా. మగ్గం మీద పోగు లాక్కుపోయే నాడె రెండు పక్కలా పోయేదే. నేర్చుకో పో" అన్నాడు. అట్లా ఇరవై ఆరో ఏట నేను మళ్ళీ పలక పట్టాను. సార్ ఎన్నడూ నన్ను ఊరికే చదవనివ్వలేదు. ప్రతి మాటకూ "అంటే?" అనేవారు. తెలియకపోతే తెలియదని పైకి చెప్పేదాకా తర్వాతి మాటకు పోనిచ్చేవారు కాదు. మొదట్లో ఆ ఒక్క ముక్క నా నోట రావడానికి ఎంత కష్టమయ్యేదో! డిగ్రీ చదివాను కదా అని లోపల ఒక మొండితనం. ఆయన ఓపిగ్గా కూర్చునేవారు. వయసులో అంత పెద్దాయన రోజుకు పదిసార్లు నా ముందు తెలియదని చెబుతుంటే, నా మొండితనం నాకే నవ్వులాటగా తోచి కరిగిపోయింది.

ఏడాదిన్నర తర్వాత ఒక కొత్త ఏజెంటు ఏడుగురు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. భర్తల ఒప్పుదల పత్రాలు కొట్టివ్వాలట, మర్నాడే రైలట. ఆ ఏడుగురిలో రమణమ్మ ఉంది. ఆమె మళ్ళీ ప్రయత్నం చేస్తున్నట్టు మాకు తెలియదు. సార్ వీసా నకళ్ళు చూపించమన్నారు.

ఏజెంటు నవ్వాడు. "బొంబాయిలో పెద్ద పెద్దోళ్ళే చూసినారు. నువ్వెవరప్పా చూసేదానికి? రేపే రైలు, ఇంగ టైము లేదు."

మాట్లాడింది రమణమ్మ. ఏజెంటు చేతి సంచి మీద చెయ్యి వేసి, "సార్ చదివిందాకా నేను రైలెక్కను" అంది.

ఆయన చదివినందువల్లే కదా ఆమె అంత అవమానం పడింది! ఏజెంటు కూడా అదే ఎత్తాడు. "ఈ సాయిబు మాట వినే కదా పోయినసారి వెనక్కొచ్చినావు?"

"అవునప్పా. తెలీదని నా మొగం మీద చెప్పింది ఈయనొక్కడే. నువ్వు తెలీదని ఎప్పుడైనా చెప్పినావా?"

మిగతా ఆరుగురూ వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ఏజెంటు కాగితాలు బల్లమీద పడేశాడు. సార్ మొదటి మూడూ చదివి పక్కన పెట్టారు, అవి ఇంటిపని వీసాలే. నాలుగోది చదివి నావైపు జరిపారు. కుడివైపు నుంచి మొదలుపెట్టాను. పేరు రమణమ్మదే. ముద్ర బాగానే ఉంది. కింద సన్నని అక్షరాల్లో ఒక వరస. ఒక మాట దగ్గర ఆగాను, వెనక్కి వెళ్ళాను.

"అంటే?" అన్నారు సార్.

"చూసిపోను వచ్చే వీసా సార్. నెల రోజులే. పని చేయను అనుమతి లేదు."

ఆయన బల్ల మీద గుద్దిన గుద్దుకు నా ఇంగ్లీషు మిషను గంట దానంతటదే మోగింది. మిగిలిన మూడూ అలాంటివే. నెల దాటాక అక్కడ పట్టుబడితే జైలే గతి. ఏజెంటు గొంతు పెంచాడు, బతిమాలాడు, చివరికి సంచి వదిలేశాడు. రమణమ్మ సంచి విప్పి ఏడు పాస్‌పోర్టులూ తీసి, ఎవరిది వాళ్ళ చేతిలో పెట్టింది. మిగతా ఆరుగురూ తమ పాస్‌పోర్టులు చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారట.

కథ అక్కడ ఆగలేదు. ఆ కాగితాల మీదే పిలిపించుకునే యజమానుల పేర్లు, పోస్టు పెట్టె నెంబర్లు ఉన్నాయి. ఏజెంటు చూపనిది, సార్ చదివింది అదే. నలుగురి యజమానులకూ ఆయన సొంతంగా అరబ్బీలో ఉత్తరాలు రాశారు. రెండు నెలలకు మొదటి జవాబు వచ్చింది. తాము అడిగింది ఇంటిపని వీసాయేననీ, మధ్యవాళ్ళు సులువుగా దొరికేది తీసి పంపారనీ, సరైన వీసా వేరుగా పంపుతున్నామనీ ఆ ఇంటి పెద్దాయన రాశాడు. చివర్లో, మీ ఉత్తరం చక్కగా ఉంది, ఒక్క మాటలో మాత్రం తప్పు దొర్లింది అని దిద్ది పంపాడు. సార్ ఆ దిద్దుబాటును వీధి వీధంతా చూపించుకుని తిరిగారు. "అరబ్బు నా తప్పు దిద్దినాడప్పా! అంటే మిగతాదంతా కరెక్టే కదా!"

నాలుగు వీసాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మంచి వీసాలున్న ముగ్గురు కూడా తోడు కోసం ఆగారు. ఆ వారాలన్నీ సార్ వాళ్ళకు మా అంగట్లో పాఠం చెప్పారు. నీళ్ళు, అన్నం, జ్వరం, చాలు అనే మాటలు. అన్నిటికంటే ముందు "నా పాస్‌పోర్టు ఎక్కడ?" అని అరబ్బీలో గట్టిగా అడగడం. బయలుదేరిన రోజు కదిరి స్టేషనులో ధర్మవరం పోయే చిన్న రైలు కదులుతుంటే, ఏడుగురూ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఆ పాస్‌పోర్టు ప్రశ్ననే "వేన్ జవాజీ?" అని ఒక్క గొంతుతో అరిచారు. ప్లాట్‌ఫారం మీద జనం బిత్తరపోయారు. సార్ టోపీ తీసి ఊపుతూ రైలు వెంట పరిగెత్తారు. ఆయన్ని అంత వేగంగా నేనెప్పుడూ చూడలేదు. ఇరవై రోజులకు రమణమ్మ ఎవరిచేతనో ఉత్తరం రాయించి పంపింది. దిగాననీ, ఇల్లు మంచిదనీ, బొంబాయిలో తన కాగితం ఒక్క చూపు చూసి లోపలికి పొమ్మన్నారనీ. నాలుగేళ్ళకు తిరిగొచ్చి, కూతుళ్ళిద్దరినీ కదిరి హైస్కూలులో చేర్చడానికి తనే చెయ్యి పట్టి తీసుకుపోయింది.

తర్వాత ఏడెనిమిదేళ్ళు మా అంగడి ముందు వరుస కట్టి నిలబడేవారు. జిల్లా ఆ కొసనున్న కణేకల్ నుంచి కూడా కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. సార్ చూపు మందగిస్తూ వచ్చింది. ఒక సాయంత్రం కొత్తచెరువు నుంచి వచ్చిన ఒకామె వీసాను నేను చదువుతున్నాను. సార్ పక్కన కళ్ళు మూసుకుని వింటున్నారు. పై వరస నుంచి కింది ముద్రదాకా చదివి, అర్థం చెప్పి, ఒక్కచోట మాత్రం, "ఈ మాట నాకు తెలీదమ్మా, రేపు కనుక్కుని చెప్తా, అంతవరకూ టిక్కెట్టు తీసుకోవద్దు" అన్నాను. "అంటే?" అనే ప్రశ్న కోసం చూశాను. సార్ అడగలేదు. లేచి, చెప్పులు వేసుకుని, "ఇంగ నేను ఇంటికి పోతాండా పద్మా. అంగడి నువ్వు మూసుకో" అని వెళ్ళిపోయారు. అన్నేళ్ళలో పని నడుస్తుండగా ఆయన నాకు వదిలేసి పోవడం అదే మొదలు. ఏ పరీక్ష పాసైనప్పుడూ నాకంత గర్వం కలగలేదు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నాకిప్పుడు ఆయన వయసు దాటింది. బ్యాంకులోనైనా, ఆస్పత్రిలోనైనా ఎవరైనా గబగబా ఏదో చెప్పి సంతకం పెట్టమంటే నేను కలం కింద పెడతాను. "నాకు అర్థం కాలేదు నాయనా, మళ్ళీ చెప్పు" అంటాను. వెనక వరసలో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ మాట అనేటప్పుడు నా గొంతు చిన్నబోదు, వెన్ను నిటారుగానే ఉంటుంది.