సర్దుబాటు ఈల

అన్నయ్య అడగకుండా టీ పెట్టి ఇస్తే మా వదిన కప్పు అందుకోదు. ముందు "ఏం తప్పు చేశావ్?" అని అడుగుతుంది.

ఈ అనుమానం ఆమెకు గోల్‌పోస్టు ముందు పుట్టింది. కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్‌గా ఉన్నప్పుడు రిఫరీ వీళ్ళ మీద అన్యాయంగా ఒక పెనాల్టీ ఇచ్చాడు. కాసేపటికి ఎదుటి జట్టు మీద అంతకన్నా అన్యాయంగా ఇంకోటి ఇచ్చాడు. తోటివాళ్ళంతా గంతులేస్తుంటే ఈవిడ మాత్రం మ్యాచ్ అయ్యాక రిఫరీ వెంటపడి, రెండోది ఎందుకిచ్చారని నిలదీసింది. ఆయన నీళ్ళు నమిలాడు. ఆ నీళ్ళు నమలడం మీదే వదిన క్రీడా మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసింది. తప్పు చేశానని తెలిసిన రిఫరీ తర్వాతి ఈలతో దాన్ని సరిచేయాలని చూస్తాడా? జుట్టు నెరిసేదాకా ఇదే ప్రశ్న. ఆ ఈలకు 'సర్దుబాటు ఈల' అని పేరు కూడా పెట్టింది.

ప్రొఫెసర్ పదవి మాత్రం రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఇక మూడోదే ఆఖరి అవకాశం. ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటే మా అన్నయ్య, ఆశలు పెట్టుకోకు, ఈసారీ రాదులే అనేశాడు. నాకు ఒళ్ళు మండింది. వదిన చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

గదిలో అడుగుపెట్టగానే కమిటీ అధ్యక్షుడు ఆలస్యంగా వచ్చిందని అందరి ముందూ దులిపేశాడట. అంతలో గుమాస్తా వచ్చి, ఆమెకు టైము తప్పుగా చెప్పింది తామేనన్నాడు. పెద్దాయన ముఖం మాడిపోయింది. ఇక అక్కణ్ణించి అన్నీ మెత్తటి ప్రశ్నలే. మీ వ్యాసాలు బాగుంటాయి, పిల్లలకు మీరంటే ఇష్టమట కదా అంటూ. పోయిన రెండుసార్లూ తనను పడగొట్టిన ప్రశ్న ఎవరూ ఎత్తడం లేదు. నోరు మూసుకుంటే పదవి వచ్చేస్తుంది.

నోరు మూసుకునే రకమా ఆవిడ!

"సార్, మీరిప్పుడు నాకు సర్దుబాటు ఈల ఊదుతున్నారు. కష్టమైన ప్రశ్న అడగండి," అంది.

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని అడిగాడు. అన్యాయం జరిగిన జట్టు కసికొద్దీ ఆడుతుందేమో, అందుకే దానికి పెనాల్టీ దక్కుతుందేమో, ఇందులో రిఫరీ మనసు ప్రస్తావన ఎందుకు?

పోయినసారి ఓడినప్పటినుంచీ వదిన దీనికి జవాబు తయారుచేసుకుంటూనే ఉంది. రిఫరీలను రెండు గుంపులు చేసి, ఒకే మ్యాచ్ వీడియో చూపించి తీర్పులివ్వమంది. ఒక గుంపుకి మాత్రం, ఇంతకుముందు మీరు ఈ జట్టుకి అన్యాయం చేశారని ముందే చెప్పింది. ఆ గుంపే ఆ జట్టుకి ఎక్కువ పెనాల్టీలిచ్చింది.

"వీడియోలో ఉన్నవాళ్ళు కొత్తగా కసి తెచ్చుకోలేరు కదండీ. మారింది చూసేవాళ్ళ మనసే."

పెద్దాయన పకపకా నవ్వాడట.

సాయంత్రం పదవి ఖాయమని ఫోనొచ్చింది. నేను ఎగిరి గంతేసి వదినను గిరగిరా తిప్పేశాను. వంటింట్లో అన్నయ్య తోమిన గిన్నెలే మళ్ళీ తోముతున్నాడు. వదిన గుమ్మంలో నిలబడి చూసింది. ఏం తప్పు చేశావని మాత్రం అడగలేదు.

"పొద్దున నేనలా అనాల్సింది కాదు. తప్పు నాదే," అన్నాడు, వెనక్కి తిరక్కుండా.

గోల్‌పోస్టు దగ్గర్నుంచీ ఆవిడ ఎదురుచూసింది ఆ ఒక్క ముక్క కోసమే. కళ్ళు తుడుచుకుంది. గుడ్డ తీసుకుని వెళ్ళి, ఆయన కడిగిన గిన్నెలు ఒక్కొక్కటీ తుడవడం మొదలుపెట్టింది.